సంతకానికీ దావాకూ నడుమ

గుంటూరు జిల్లాలో పుట్టి, పెళ్లయ్యాక హైదరాబాదులో స్థిరపడిన 47 ఏళ్ల పాఠకురాలు ఒకరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసివేసి దాని సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె తండ్రి 2022లో వీలునామా రాయకుండానే కన్నుమూశారు. ఆయన పేరున రెండెకరాల 40 సెంట్ల మాగాణి ఉంది. అందులో ఎకరం తాతగారి నుంచి వచ్చింది, మిగిలినది ఆయన 1994లో కొన్నది. ఊళ్లో స్థలం కొని కట్టించిన డాబా ఇల్లు ఉంది. 71 ఏళ్ల తల్లి ఆ ఇంట్లోనే పెద్దకొడుకు దగ్గర ఉంటున్నారు. పొలం కూడా ఆయనే చేస్తున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు "అన్నయ్య ఏమంటే అదే" అని తప్పుకుంటున్నారు. గత సంక్రాంతికి ఆమె పుట్టింటికి వెళ్లినప్పుడు, కనుమ నాడు భోజనాలయ్యాక, విస్తరి తీసిన చోటే అన్నయ్య ఒక వంద రూపాయల స్టాంపు కాగితం పెట్టారు. ఆస్తిలో తనకు ఎలాంటి హక్కూ లేదని, ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని అందులో టైపు చేసి ఉంది. "నీ పెళ్లి 2001లో అయింది, ఆడపిల్లల చట్టం 2005లో వచ్చింది. పెళ్లిలో బంగారం, రొక్కం ఇచ్చాం. నాన్న ఆసుపత్రికి ఆరు లక్షలు అప్పు తెచ్చి పెట్టింది నేను. నువ్వేం పెట్టావు?" అని అడిగారు. ఆమె చదివి చెబుతానని కాగితం బ్యాగులో పెట్టుకుని వచ్చేశారు. అప్పటి నుంచి అన్నయ్య ఫోను ఎత్తడం లేదు. తల్లి మాత్రం ఫోను చేసి "సంతకం పెట్టేయవే, నీకేం తక్కువ" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు వెనక నుంచి అన్నయ్య గొంతు వినిపించింది. భర్తకు తెలిసిన అడ్వకేటు భాగపరిష్కారం దావా, అంటే ఆస్తిని వాటాలుగా పంచమని కోరే దావా, వేద్దామంటున్నారు. మేనమామ మాత్రం కోర్టుకెళ్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడుస్తాడని సామెత చెప్పి, పెద్దమనుషుల్లో కూర్చుందామంటున్నారు. "దావా వేస్తే పుట్టింటి గడప తొక్కలేను. సంతకం పెడితే నన్ను నేను క్షమించుకోలేను. ఈ రెండూ కాక ఇంకో దారి ఉందా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ఇంకో దారి ఉంది. దానికి మీడియేషన్ అని పేరు. అయితే రాజీకి కూర్చోవడమంటే హక్కు తగ్గించుకోవడమని మన ఇళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. మీ ఉత్తరంలోనూ ఒకచోట "కొంత వదులుకుని అయినా" అని రాశారు. ఎంత వదులుకోవాలో, అసలు వదులుకోవాలో లేదో తేల్చుకోవాలంటే మీ చేతిలో ఏముందో ముందు మీకు తెలియాలి. అందుకే హక్కుల సంగతితో మొదలుపెడతాను.

మీ నాన్నగారు తన సంపాదనతో కొన్న ఎకరం 40 సెంట్లు, స్థలం కొని కట్టించిన ఇల్లు ఆయన స్వార్జితం. వీలునామా లేదు కనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అవి మొదటి తరగతి వారసులందరికీ, అంటే భార్య, కొడుకులు, కూతుళ్లు వంటి దగ్గరి వారికి, సమానంగా చెందుతాయి. స్వార్జితం విషయంలో కొడుకు, కూతురు అన్న తేడా 1956 నుంచే లేదు. కాబట్టి మీ అన్నయ్యగారు చెప్పిన 2005 సవరణకూ ఈ భాగానికీ సంబంధమే లేదు. ఆ సవరణ పిత్రార్జితానికి సంబంధించినది. అక్కడ కూడా ఆయన వాదన నిలబడదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన ఆ సవరణ పెళ్లయిన కూతురు, కాని కూతురు అని విడదీయలేదు. తండ్రి ఆ తేదీ నాటికి జీవించి ఉన్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. మన రాష్ట్రమైతే ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలోనే, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానమైన వాటా ఇచ్చింది. మీ పెళ్లి 2001లో జరిగింది కాబట్టి ఆ చట్టం కూడా మీ వైపే ఉంది. తాతగారి ఎకరం మాత్రం నాన్నగారికి ఎలా వచ్చిందో చూడాలి. అన్నదమ్ముల పంపకంలో వచ్చిందా, వీలునామాతో వచ్చిందా, తాతగారు పోయాక వారసత్వంగా వచ్చిందా అన్నదాన్ని బట్టి అది పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది తేలుతుంది, వాటాల లెక్కా మారుతుంది.

ఇక్కడ ఒక మాట కొంచెం నొప్పి కలిగించినా చెప్పాలి. మీ ఉత్తరంలో "నా మూడో వంతు" అని నాలుగుచోట్ల రాశారు. మీ వాటా మూడో వంతు కాదు. మీ అమ్మగారు కూడా మొదటి తరగతి వారసురాలే. స్వార్జితంలో ఆవిడకు, మీ ముగ్గురికి తలా నాలుగో వంతు వస్తుంది. మీ అన్నయ్యగారి స్టాంపు కాగితంలో అమ్మగారి పేరు లేదు, మేనమామగారి సలహాలో లేదు, మీ లెక్కలోనూ లేదు. ఆ ఇంట్లో నాలుగో వంతుకు హక్కుదారైన మనిషి, ఎవరి దగ్గర ఉంటే వారి మాట ఫోనులో పలికే స్థితిలో ఉన్నారు. ఈ తగవు ఏ దారిన తేలినా, ఆవిడ స్థానం ఏమిటన్నది ముందు తేలాలని నా అభిప్రాయం.

ఇక ఆ కాగితం. స్థిరాస్తిలో హక్కు వదులుకునే దస్తావేజు రిజిస్టరు కావాలి. వంద రూపాయలు, అంతకు పైబడిన విలువ గల స్థిరాస్తికి 1908 రిజిస్ట్రేషన్ చట్టం విధించిన నియమం ఇది. కాబట్టి కనుమ నాడు మీ ముందు పెట్టిన కాగితం దానంతట అది మీ వాటాను మీ అన్నయ్యగారికి బదిలీ చేయలేదు. అలాగని "ఎలాగూ చెల్లదు కదా, గొడవ వదులుతుంది" అని సంతకం చేసి పంపకండి. పాసుపుస్తకం మార్పించుకోవడానికి, రేపు కోర్టులో "తానే ఒప్పుకుంది" అని చూపడానికి ఆ సంతకం పనికొస్తుంది. చెల్లని కాగితాల మీది సంతకాలకు సంజాయిషీ చెప్పుకుంటూ ఏళ్లు గడిపినవారిని నేను చూశాను. అన్నీ తెలుసుకున్న తర్వాత, మనస్ఫూర్తిగా, మీ వాటా మీ అన్నయ్యగారికి ఇచ్చేయాలనిపిస్తే అది మీ ఇష్టం. అప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించండి. ఒకసారి రిజిస్టరు అయితే, మోసమో బలవంతమో రుజువు చేయగలిగితే తప్ప దాన్ని వెనక్కి తీసుకోలేరు. ఇవ్వడం తప్పు కాదు. విస్తరి ముందు కాగితం పెట్టి అడిగారని ఇవ్వడం వేరు.

మేనమామగారు చెప్పే పెద్దమనుషుల తీర్మానాన్ని నేను చిన్నచూపు చూడను. గట్టు తగాదాలు, నీళ్ల వంతులు తరతరాలుగా అలాగే తేలాయి. అయితే మీ విషయంలో రెండు చిక్కులు ఉన్నాయి. పెద్దమనుషులు ఇరువైపులా విని చివరికి ఒక తీర్పు చెబుతారు. ఆ తీర్పు చెప్పేవారు మీ అన్నయ్యగారితో రోజూ ఎదురుపడేవారు, మిమ్మల్ని పండుగలకు మాత్రమే చూసేవారు. వారు చెడ్డవారు కానక్కర లేదు. "ఆడపిల్లవి, పసుపు కుంకుమ కింద ఏదో ఒకటి ఇప్పిస్తాం" అన్న మాట వారికి న్యాయంగానే తోస్తుంది. రెండో చిక్కు కాగితానిది. నోటిమాటగా అప్పటికే జరిగిపోయిన పంపకాన్ని గుర్తుగా రాసుకుంటే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లో కాలే కేసులో చెప్పింది. ఆ కాగితంతోనే పంపకం జరుగుతుంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు. ఊళ్లో రాసే కాగితాలు చాలావరకు ఈ రెంటికీ మధ్య ఎక్కడో పడతాయి. తగవు తీర్చడానికి రాసిన కాగితమే తర్వాత దావాకు మూలమవుతుంది.

మీడియేషన్ వేరు. మనం తెలుగులో "మధ్యవర్తి" అన్న మాటను తీర్పు చెప్పే ఆర్బిట్రేటరుకూ, తీర్పు చెప్పని మీడియేటరుకూ కలిపి వాడేస్తాం కాబట్టి ఈ తికమక వస్తుంది. మీడియేటరుకు "నీకింత, నీకింత" అని నిర్ణయించే అధికారం లేదు. ఆయన పని మీ అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఎవరికి నిజంగా ఏం కావాలో బయటికి తెచ్చి, ఒప్పందం మీ చేతే రాయించడం. విడిగా చెప్పిన మాట మీరు ఒప్పుకుంటే తప్ప అవతలి వారికి చెప్పరు. అక్కడ అన్న మాటలను రేపు కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. మీకు నచ్చకపోతే లేచి రావచ్చు. కుదరకపోతే మీ హక్కులన్నీ వెళ్లిన నాటిలాగే ఉంటాయి.

నేను కూర్చున్న ఒక వ్యవహారం, మనుషులెవరో తెలియకుండా వివరాలు మార్చి చెబుతాను. అక్కాతమ్ముళ్లు ముగ్గురు. రెండు గంటలు పొలం ధర దగ్గరే ఆగిపోయారు. విడిగా కూర్చున్నప్పుడు పెద్ద తమ్ముడు సంచిలోంచి బైండు పుస్తకం ఒకటి తీశాడు. తండ్రి మంచాన పడిన పద్నాలుగు నెలలూ ఏ రోజు ఏ మందు, ఎంత, ఆటోకు ఎంత అని పెన్సిలుతో రాసిన లెక్క అది. కొన్ని పేజీల్లో అంకెలు చెమటకు అలికినట్టు చెరిగిపోయాయి. "ఇది ఒక్కసారి చూస్తే చాలు, డబ్బు వద్దు" అన్నాడు. అక్కగారు ఆ పుస్తకం ఇరవై నిమిషాలు తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి, "ఈ రోజు నేను ఫోన్ చేశాను, బాగున్నారన్నావు" అంది. "నీకు పరీక్షల పిల్లలు, ఏం చెప్పను" అన్నాడు. ధర సంగతి ఆ తర్వాత అరగంటలో తేలింది. ఆ పుస్తకాన్ని కోర్టు కూడా చూస్తుంది, ఖర్చుల పద్దుగా మాత్రమే చూస్తుంది.

మీ అన్నయ్యగారి ఆరు లక్షల మాట విన్నప్పుడు నాకు ఆ పుస్తకం గుర్తొచ్చింది. పెళ్లిలో పెట్టిన బంగారం వల్ల చట్టప్రకారం మీ వాటా తగ్గదు. తండ్రి వైద్యానికి కొడుకు పెట్టిన ఖర్చు వల్ల కూతురి వారసత్వం రద్దు కాదు. దావాలో ఆయన ఈ రెండూ చెబితే మీ అడ్వకేటు సులువుగానే కొట్టిపారేయవచ్చు. కానీ ఆ అప్పు నిజం, తీర్చింది ఆయన. మీరు కూడా ఉత్తరంలో "నేనేమీ పెట్టలేదు, అడగలేదు కూడా" అని నిజాయితీగా రాశారు. చట్టం పట్టించుకోని ఈ లెక్కకు మీడియేషన్‌లో చోటు ఉంటుంది. అందులో మీ వంతు భరిస్తానని మీరే ముందుగా అంటే, అది హక్కు వదులుకోవడం అవ్వదు, కూతురిగా బాధ్యత పంచుకోవడం అవుతుంది. అనాలో వద్దో మీ ఇష్టం. అయితే అన్నాక వచ్చే జవాబు, కనుమ నాటి జవాబులా ఉండదని మాత్రం చెప్పగలను.

అక్కడ కుదరగల ఒప్పందాలు కోర్టు డిక్రీలో, అంటే తీర్పు ఉత్తర్వులో, సాధారణంగా కనబడనివి. పొలం ముక్కలు చేయకుండా మీ అన్నయ్యగారే చేసుకుంటూ మీ వాటా విలువను మూడు నాలుగు పంటల మీద వాయిదాలుగా చెల్లించవచ్చు. లేదా మీ వాటా పొలం మీ పేరున పడి, ఆయన దాన్ని కౌలుకు చేయవచ్చు. ఇల్లు అమ్మగారు బతికినంత కాలం ఆవిడ ఉండేలా, అమ్మకూడదని రాసుకోవచ్చు. అమ్మగారి నెల ఖర్చు ఎవరెంత ఇవ్వాలో, ఆసుపత్రి వస్తే ఎవరు చూడాలో రాసుకోవచ్చు. భాగపరిష్కారం దావాలో ముందు ఎవరి వాటా ఎంతో ప్రిలిమినరీ డిక్రీ వస్తుంది, దాని మీద అప్పీళ్లు ఉంటాయి, తర్వాత కోర్టు నియమించిన కమిషనర్ వచ్చి కొలుస్తాడు, అప్పుడు ఫైనల్ డిక్రీ. విడగొట్టడానికి వీలుకాని ఇల్లయితే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద అమ్మి సొమ్ము పంచమనే అవకాశం కూడా ఉంది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి ఉంటున్న ఇల్లు వేలానికి రావడం మీరెవరూ కోరుకోరు.

ఎక్కడికి వెళ్లాలన్నది ఇప్పుడు చెబుతాను. ఆస్తి గుంటూరు జిల్లాలో ఉంది కాబట్టి హైదరాబాదులో కాకుండా అక్కడి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, కోర్టు ఆవరణలోనే ఉంటుంది, దరఖాస్తు ఇవ్వండి. దావా వేయకముందే వచ్చే ఇలాంటి వ్యవహారాలను అక్కడ ప్రీ లిటిగేషన్ కేసుగా నమోదు చేసి, అవతలి వారికి నోటీసు పంపుతారు. అడ్వకేటు పంపే లీగల్ నోటీసుకూ దీనికీ ఇంటి దగ్గర చాలా తేడా ఉంటుంది; ఇది చర్చకు పిలుపు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసహాయం లభిస్తుంది, అంటే మీకూ, మీ అమ్మగారికీ విడివిడిగా అడ్వకేటును అడగవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. అమెరికాలోని తమ్ముడుగారిని వీడియోలో కూర్చోబెట్టమని ముందే అడగండి. ఆయన లేకుండా కుదిరిన ఒప్పందం నాలుగు కాళ్ల మీద నిలబడదు.

ఒప్పందం కుదిరితే దాన్ని ఎవరి అల్మరాలోనో దాచకండి. రాజీలను ఖరారు చేసే లోక్ అదాలత్ ముందు పెట్టించి అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, తీసుకోండి. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, ఎవరైనా మాట తప్పితే నేరుగా అమలు చేయించుకోవచ్చు. దాని మీద అప్పీలు లేదు. మీకు రక్షణ అదే, జాగ్రత్త పడవలసిందీ అక్కడే. జాతీయ లోక్ అదాలత్ జరిగే శనివారాల్లో వందల కేసులు ఒకే రోజు వస్తాయి, ఆ హడావిడిలో "సంతకం పెట్టండమ్మా, అయిపోతుంది" అంటారు. సంతకానికి ముందు రెండు మూడు సిట్టింగులు విడిగా మీడియేటరుతో కావాలని దరఖాస్తులోనే రాయండి. తుది కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని, సర్వే నంబర్లు, హద్దులు, సెంట్లు దస్తావేజుతో సరిచూసుకున్నాకే సంతకం చేయండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఎవరు భరించాలో అందులోనే ఉండాలి. 2023లో మీడియేషన్‌కు ప్రత్యేకంగా ఒక చట్టం కూడా వచ్చింది, అయితే దాని సెక్షన్లన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు కాబట్టి మీ వంటి కుటుంబ వ్యవహారానికి లోక్ అదాలత్ అవార్డు దారే గట్టిదని నా అభిప్రాయం.

ఇంత చెప్పాక, దావాను పక్కన పెట్టేయమని నేను అనడం లేదు. నోటీసు అందుకుని మీ అన్నయ్యగారు రాకపోవచ్చు. రమ్మని బలవంతపెట్టే అధికారం అక్కడ ఎవరికీ లేదు. పొలం అమ్మకానికి బేరం పెట్టినట్టు తెలిసినా, నాన్నగారి వీలునామా అంటూ కొత్త కాగితం బయటికి వచ్చినా, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా దావా వేసి, అమ్మకుండా ఇంజంక్షన్, అంటే నిషేధ ఉత్తర్వు, అడగాలి. దావా నడుస్తుండగా కొన్నవాడికి ఆ దావా తీర్పు వర్తిస్తుంది. అప్పుడైనా మీడియేషన్ తలుపు మూసుకుపోదు: సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కింద కోర్టే మిమ్మల్ని మీడియేషన్‌కు పంపవచ్చు, కుటుంబ పంపకాలు అందుకు తగినవని సుప్రీంకోర్టు కూడా 2010లో ఆఫ్కాన్స్ కేసులో చెప్పింది. అలా రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. మీ అడ్వకేటు చెప్పిన దారి తప్పు కాదు, దాన్ని మొదట వాడాలా, తర్వాత వాడాలా అన్నదే ప్రశ్న. ఊరుకుని చూద్దామంటే మాత్రం, ఉమ్మడి ఆస్తి నుంచి మిమ్మల్ని మినహాయించారని మీకు తెలిసిన నాటి నుంచి దావా వేయడానికి కాలపరిమితి 12 ఏళ్లు. కనుమ నాటి కాగితం ఆ తేదీ అవుతుందా లేదా అన్నది అడ్వకేటుతో తేల్చుకోండి, దరఖాస్తు ఇచ్చాం కదా అని గడువును మరిచిపోకండి.

దరఖాస్తు ఇవ్వకముందు చేయవలసిన పని ఇంటి నుంచే అవుతుంది. ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటులో భూమి రికార్డులు, అంటే అడంగల్, 1బి, ఎవరి పేరున ఉన్నాయో చూడండి. 1994 దస్తావేజు నకలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి. తాతగారి పంపకం కాగితం మేనమామగారి దగ్గర గాని, చిన్నాన్న గారింట్లో గాని ఉందేమో అడగండి. ఆ స్టాంపు కాగితాన్ని చించకండి, జాగ్రత్తగా దాచండి.

తర్వాత మీ అన్నయ్యగారికి ఫోను వద్దు, ఎత్తడం లేదని మీరే రాశారు. నోటీసు అందేలోపు మీరే ఒక చిన్న ఉత్తరం రాయండి, వాట్సాప్‌లో కాదు, కాగితం మీద. నోటీసు ఎందుకు వస్తోందో, అది కేసు కాదని, నాన్న వైద్యం అప్పు లెక్క చూడాలని మీరు కోరుకుంటున్నారని అందులో ఉండాలి. "నా వాటా" అన్న మాట ఆ ఉత్తరంలో వద్దు, దానికి బల్ల దగ్గర చోటుంది. కూర్చున్న మొదటి రోజున మీడియేటరును ఒకటి అడగండి: అమ్మను ముందుగా, మా ఎవ్వరం లేకుండా, ఒక్కరినే లోపలికి పిలిచి ఆవిడకేం కావాలో కనుక్కోమని.